డీజిల్‌లో నీళ్లు పడితే

నవంబరు వానలకు తిరుపతి చుట్టుపక్కల వాగులన్నీ పారతాయి. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. తలకోన వైపో, పలమనేరు దగ్గరి కౌండిన్య అడవుల వైపో ఫోర్ వీల్ డ్రైవ్ బండి వేసుకుని పోయేవాళ్లు జాకీ, తాడు, స్టెప్నీ అన్నీ సరిచూసుకుంటారు. ట్యాంకులో పోసిందేమిటో చూసేవాళ్లు తక్కువ.

కల్తీ అనగానే మనకు కిరోసినే గుర్తొస్తుంది. కానీ మారుమూల దారుల్లో బండిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి నీళ్లు, దుమ్ము. వరద నీళ్లు బంకు భూగర్భ ట్యాంకులోకి దిగొచ్చు. క్యాను మూత సరిగ్గా లేకపోవచ్చు. ఏమీ కాకపోయినా, సగం ఖాళీ ట్యాంకుతో బండిని నెలల తరబడి నిలిపితే చాలు: పలమనేరు లాంటి చలి ఊళ్లలో రాత్రిపూట లోపలి గాలిలోని తేమే చుక్కలై గోడలకు పడుతుంది. లీటరు డీజిల్ బరువు సుమారు 830 గ్రాములు, నీళ్లు కిలో. అందుకే నీళ్లు అడుక్కి దిగి అక్కడే ఉంటాయి. ఆ రెండూ కలిసేచోట సూక్ష్మజీవులు పెరిగి, నల్లటి జిగట పదార్థం తయారై ఫిల్టర్‌ను మూసేస్తుంది.

పాత ఇంజన్లు కొంతవరకు ఓర్చుకునేవి. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో, అంటే అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందించే వాటిలో, డీజిల్ పీడనం 1600 బార్లు దాటిపోతుంది (ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనం). డీజిల్‌ను సిలిండర్‌లోకి చిమ్మే ఇంజెక్టర్ లోపలి భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను). మన తలవెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు! పైగా పంపుకూ ఇంజెక్టర్లకూ ఆ డీజిలే కందెన. నీళ్లకు ఆ జిడ్డు గుణం లేదు. లోహం అరిగిపోతుంది, తుప్పు పడుతుంది. ఇంజెక్టర్ కొన దగ్గరి వేడికి నీటిబొట్టు ఒక్కసారిగా ఆవిరై కొనను పెచ్చులూడగొట్టగలదు.

రోడ్డు పక్క అంగడిలో సీసాల్లో కొనాల్సి వస్తే, ముందు కొంచెం శుభ్రమైన గాజు సీసాలో పోసి వెలుతురుకు ఎత్తి చూడండి. మంచి డీజిల్ తేటగా ఉంటుంది. మసకగా ఉంటే తేమ ఉన్నట్టు. కాసేపు కదపకుండా పెడితే అడుగున నీటి పొర విడిగా కనిపిస్తుంది. పంచె గుడ్డతో వడకట్టడం మనవాళ్లకు అలవాటే, కానీ దానికి చెత్త ఆగుతుంది తప్ప నీళ్లు ఆగవు. టెఫ్లాన్ పూత ఉన్న జాలీ గరాటు డీజిల్‌లో కరగకుండా విడిగా ఉన్న నీటిని ఆపుతుంది. నన్నడిగితే దూరప్రయాణాలకు మ్యూజిక్ సిస్టమ్ కంటే ముందు కొనాల్సింది అదే.

పెట్రోల్ బండి కథ వేరు. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది కొంత నీటిని తనలో కలుపుకుంటుంది, మోతాదు మించితే నీటితో కలిసి అడుక్కి దిగిపోతుంది. అందుకే నిలవ పెట్రోల్ నమ్మొద్దు.

చాలా డీజిల్ బండ్లలో ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద నీటి హెచ్చరిక లైటు వెలిగితే బండి ఆపి, ఆ స్క్రూను వదులు చేసి, నీళ్లు పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా సీసాలోకి పట్టాలి. నీళ్లున్న డీజిల్ పోశారని బంకులోనే తెలిస్తే మాత్రం తాళం కూడా తిప్పొద్దు. చాలా బండ్లలో తాళం తిప్పగానే ట్యాంకులోని పంపు పని మొదలుపెడుతుంది. ట్యాంకు దింపి కడగడం ఒక పూట పని, ఇంజెక్టర్లు మార్చాలంటే వేలల్లో ఖర్చు. అడవి దారిలో ఒక కొత్త ఫిల్టర్, దానికి సరిపోయే రింగు, స్పానర్ వెంట ఉండాలి. ఫిల్టర్ మార్చాక డీజిల్ లైన్‌లో చేరిన గాలిని ఇంజన్ దగ్గరుండే చిన్న చేతిపంపుతో ఎలా తీయాలో బయల్దేరకముందే మెకానిక్ దగ్గర ఒకసారి చేసి చూసుకోండి.