పురుగుమందుకు లొంగని పురుగు: వందేళ్ల వెనకటి కథ

కొత్త మందు వచ్చిన మొదట్లో పురుగు ఇట్టే రాలిపోతుంది. కొన్నేళ్లు తిరిగేసరికి అదే మందు అదే మోతాదులో కొట్టినా చావదు. మందు నకిలీదేమో, కలపడంలో తేడా వచ్చిందేమో అని అనుమానిస్తాం. ఒక్కోసారి అదీ నిజమే కావచ్చు. కానీ పురుగే మారిపోయిన సందర్భాలు లెక్కలేనన్ని.

ఇది ఈనాటి సమస్య కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పండ్లతోటలను పీడించే శాన్ జోస్ పొలుసు పురుగు సున్నం-గంధకం ద్రావణానికి సరిగా చావడం లేదని కీటక శాస్త్రవేత్త ఎ.ఎల్. మెలాండర్ గమనించాడు. పురుగులు మందును తట్టుకునేలా మారగలవా అని 1914లోనే ప్రశ్నించాడు. ఆ తర్వాత డీడీటీ వచ్చింది. అది పురుగులను చంపుతుందని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి దక్కింది. అప్పటికే స్వీడన్, ఇటలీ దేశాల్లో ఈగలు డీడీటీకి లొంగడం మానేశాయి!

ఎలా తట్టుకున్నాయి? నరాల్లో సోడియం అయాన్లను లోపలికి వదిలే సన్నని ద్వారాలుంటాయి. డీడీటీ వాటిని మూసుకోనివ్వదు. దాంతో నరాలు ఆగకుండా స్పందించి, పురుగు గిలగిలా కొట్టుకుని చస్తుంది. కొన్ని ఈగల్లో ఆ ద్వారం తయారయ్యే ప్రొటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం వేరుగా ఉంటుంది. ఆ చిన్న తేడా వల్ల మందు అక్కడ సరిగా పట్టు దొరకక జారిపోతుంది. తర్వాత వచ్చిన సింథటిక్ పైరెత్రాయిడ్లు అనే పురుగుమందులు కూడా ఆ ద్వారం మీదే పనిచేస్తాయి. అంటే డీడీటీకి గట్టిపడ్డ ఈగలు, తామెన్నడూ చూడని మందుకు కూడా ముందే సగం సిద్ధమైపోయాయన్నమాట.

పేనుబంకది ఇంకో దారి. మందును విరగ్గొట్టే ఎంజైమ్ జన్యువుకు పదుల కొద్దీ నకళ్లు చేసుకుని, ఆ ఎంజైమ్‌ను గుట్టలుగా తయారుచేస్తుంది. కొన్ని బొద్దింకలైతే విషం కలిపిన తీపి ఎరను ముట్టడమే మానేశాయి. ఎరలోని గ్లూకోజ్ అనే చక్కెర వాటి నోటికి చేదుగా తగులుతుందని 2013లో తేలింది.

పురుగు మందుకు అలవాటు పడిందని అంటుంటాం. నిజానికి ఏ పురుగూ తన జీవితకాలంలో ఇలా మారిపోదు. లక్షల పురుగుల్లో ఏ కొన్నింటిలోనో ఆ తేడా ముందునుంచే ఉంటుంది. మందు మిగతావాటిని చంపేస్తే బతికిన ఆ కొన్నే పిల్లలను పెడతాయి. అప్పుడు మనం డోసు పెంచుతాం. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. పెంచిన డోసుకు పురుగుని తినే మిత్రకీటకాలు ముందు పోతాయి, గట్టి పురుగుకు అడ్డే ఉండదు.

బంగాళాదుంపను తినే కొలరాడో పెంకుపురుగు ఇప్పటికే 50కి పైగా మందులను తట్టుకుంది. బీటీ అనే బ్యాక్టీరియాతో చేసే మందు సహజమైనది కదా, దానికి భయం లేదనుకున్నారు. క్యాబేజీని ఆశించే డైమండ్‌బ్యాక్ రెక్కల పురుగు దాన్నీ తట్టుకుంటోందని 1990లో హవాయి నుంచి కబురొచ్చింది.

1984లో మందుల కంపెనీలే ఒక అంతర్జాతీయ కమిటీగా ఏర్పడ్డాయి. పురుగు ఒంట్లో ఎక్కడ దెబ్బతీస్తుందన్న దాన్నిబట్టి ఆ కమిటీ మందులను గ్రూపులుగా విడదీసి నంబర్లిచ్చింది. మందు మార్చామంటే గ్రూపు నంబరు మారాలి. రెండు డబ్బాల మీద పేర్లు వేరైనా నంబరు ఒకటేనైతే, పురుగు మీద పడేది మళ్లీ అదే దెబ్బ.