ఇంటి బ్యాటరీకి సర్కారు రాయితీ: ఆస్ట్రేలియా ఇక్కడిదాకా ఎలా వచ్చింది

ఆస్ట్రేలియాలో ఇంట్లో బ్యాటరీ పెట్టించుకునేవాళ్లకు 2025 జూలై 1 నుంచి ఫెడరల్ ప్రభుత్వం దాదాపు 30 శాతం రాయితీ ఇస్తోంది. పథకం పేరు ‘చీపర్ హోమ్ బ్యాటరీస్’. 11.5 యూనిట్ల కరెంటు నిల్వచేసే బ్యాటరీ మీద సుమారు 4,000 ఆస్ట్రేలియా డాలర్లు తగ్గుతాయని ఆ ఏడాది ఎన్నికల ప్రచారంలో ప్రధాని ఆల్బనీస్ చెప్పారు. అందుకే ఇది ఎన్నికల తాయిలంలా కనిపిస్తుంది. కానీ ఈ రాయితీ అవసరం పుట్టింది అంతకుముందు ఇచ్చిన రాయితీల వల్లే.

2010 జనవరిలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఒక పథకం మొదలుపెట్టింది. ఇంటి కప్పు మీది ప్యానెళ్లు తయారుచేసే ప్రతి యూనిట్‌కూ 60 సెంట్లు ఇస్తామంది. గ్రిడ్‌కు పంపిన కరెంటుకే కాదు, ఇంట్లో వాడుకున్నదానికీ ఆ డబ్బు వస్తుంది. జనం ఎగబడ్డారు. ఏడాది తిరక్కుండానే, అక్టోబర్‌లో, కొత్తగా చేరేవాళ్లకు దాన్ని 20 సెంట్లకు తగ్గించాల్సి వచ్చింది. క్వీన్స్‌లాండ్‌లో అయితే గ్రిడ్‌కు పంపిన మిగులుకు 44 సెంట్లు ఇచ్చేవారు.

వీటికి తోడు ప్యానెళ్ల ఖరీదులోనూ తగ్గింపు ఉంది. ప్యానెళ్లు రాబోయే ఏళ్లలో తయారుచేసే కరెంటును ముందే లెక్కగట్టి సర్టిఫికెట్లు ఇస్తారు. కరెంటు అమ్మే కంపెనీలు వాటిని చట్టప్రకారం కొని తీరాలి. ఆ విలువను బిగించేవాళ్లే బిల్లులో తగ్గించేస్తారు. ఇప్పుడు బ్యాటరీ రాయితీ కూడా ఈ సర్టిఫికెట్ల దారిలోనే వస్తోంది. తేడా ఏమిటంటే, ఈసారి ఖర్చు ప్రభుత్వ ఖజానాది.

ఫలితంగా ఇవాళ ఆ దేశంలో 40 లక్షలకు పైగా కప్పుల మీద సోలార్ ఉంది. సుమారు ప్రతి మూడిళ్లలో ఒకటి. ఇది నిజంగా గొప్ప విజయం. చిక్కు కూడా అక్కడే మొదలైంది. మిట్టమధ్యాహ్నం అందరి ప్యానెళ్లూ ఒకేసారి కరెంటు కుమ్మరిస్తాయి, ఆ వేళకు ఇళ్లలో వాడకం తక్కువ. 2020 అక్టోబర్ 11న సౌత్ ఆస్ట్రేలియాలో ఒక గంటసేపు రాష్ట్రం మొత్తానికి కావాల్సిన కరెంటంతా సూర్యుడి నుంచే వచ్చింది. దానికి సుమారు రెండు వారాల ముందే అక్కడ కొత్త రూలు అమల్లోకి వచ్చింది: అత్యవసరమైతే కొత్త సోలార్ సిస్టమ్‌లను దూరం నుంచే ఆపేసే ఏర్పాటు తప్పనిసరి. టోకు మార్కెట్లో మధ్యాహ్నం ధర సున్నా కిందికి పోవడం, అంటే కరెంటు అమ్మేవాళ్లే ఎదురు డబ్బు కట్టాల్సి రావడం, మామూలైంది. పొద్దు వాలి, జనం ఇళ్లకు చేరి, స్టవ్‌లూ ఏసీలూ వేసే వేళకు మాత్రం ధర ఒక్కసారిగా ఎక్కి కూర్చుంటుంది.

విక్టోరియా రాష్ట్రంలో గ్రిడ్‌కు పంపే యూనిట్‌కు చెల్లించాల్సిన కనీస ధర 2025–26కి 0.04 సెంట్లు. అంటే పాతిక యూనిట్లు ఇస్తే ఒక్క సెంటు. ప్యానెళ్లు పెట్టించుకోండి అని పిలిచిన ప్రభుత్వాలే ఇప్పుడు ఆ కరెంటుకు విలువ లేదంటే, అప్పుచేసి పెట్టించుకున్న కుటుంబానికి ఎలా ఉంటుంది? మధ్యాహ్నపు కరెంటును సాయంత్రానికి దాచుకోవడం ఒక్కటే వాళ్లకు మిగిలిన దారి.

ఈ సంగతి జర్మనీ ముందే గ్రహించింది. 2013 మే నుంచి ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ ద్వారా సోలార్ బ్యాటరీలకు సాయం ఇస్తూ ఒక షరతు పెట్టింది: ప్యానెళ్ల సామర్థ్యంలో 60 శాతానికి మించి గ్రిడ్‌లోకి పంపకూడదు. డబ్బిచ్చినందుకు గ్రిడ్‌కు కలగాల్సిన మేలు ఏమిటో ముందే రాసుకున్నారు. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన షరతు ఇది.

సౌత్ ఆస్ట్రేలియాను బ్యాటరీల వైపు నెట్టినవాటిలో భయం కూడా ఉంది. 2016 సెప్టెంబర్ 28న పెనుగాలులకు హైటెన్షన్ టవర్లు కూలి రాష్ట్రమంతా చీకటైంది. 2018 అక్టోబర్‌లో 40,000 ఇళ్లు లక్ష్యంగా ఒక్కో ఇంటికి 6,000 డాలర్ల దాకా రాయితీ మొదలుపెట్టారు. తర్వాత దాన్ని మెట్లుమెట్లుగా తగ్గించి, 2022లో పథకాన్ని మూసేశారు. (బ్యాటరీ ఉన్నంత మాత్రాన కరెంటు పోయినప్పుడు ఇల్లు వెలగదు. బ్యాకప్ కోసం విడిగా ఏర్పాటు చేయించాలి. కొనేవాళ్లు ఇది ముందే అడిగి తెలుసుకోవాలి.)

2025 పథకంలో లోపం లెక్కలోనే ఉంది. 50 యూనిట్ల దాకా ప్రతి యూనిట్‌కూ ఒకే రేటు రాయితీ. బ్యాటరీ పెద్దదయ్యేకొద్దీ యూనిట్‌కు పడే ధర తగ్గుతుంది కాబట్టి, జనం అవసరానికి మించి పెద్ద బ్యాటరీలు కొన్నారు. వాళ్లను తప్పుపట్టలేం, రూలే అలా ఉంది. 230 కోట్ల డాలర్ల బడ్జెట్ సరిపోదని తేలింది. 2025 డిసెంబర్‌లో దాన్ని 720 కోట్లకు పెంచుతూ లెక్క మార్చారు. 2026 మే 1 నుంచి మొదటి 14 యూనిట్లకు పూర్తి రాయితీ, 28 దాకా అందులో 60 శాతం, 50 దాకా 15 శాతమే.

ఇందులో వాటా దక్కనిది అద్దె ఇళ్లవాళ్లకు. ఆ దేశంలో దాదాపు మూడో వంతు కుటుంబాలు వాళ్లే. గోడ వాళ్లది కాదు, కప్పు వాళ్లది కాదు. పన్నులు మాత్రం వాళ్లూ కడుతున్నారు. ఇళ్లలోని బ్యాటరీలు సాయంత్రం గ్రిడ్‌కు కరెంటిచ్చి ధర దించితేనే వాళ్లకు కాస్త మేలు. అలా వేల బ్యాటరీలను కలిపి ఒకే విద్యుత్ కేంద్రంలా నడిపే ఏర్పాటును వర్చువల్ పవర్ ప్లాంట్ అంటారు. గ్రిడ్‌కు కలిపిన బ్యాటరీ అందులో చేరడానికి వీలుగా ఉంటే చాలంటుంది ఫెడరల్ పథకం, చేరడం యజమాని ఇష్టం. వెస్టర్న్ ఆస్ట్రేలియా మాత్రం తన రాష్ట్ర రాయితీ కావాలంటే చేరి తీరాలంది.