ఆర్మీనా, నేవీనా, ఎయిర్‌ఫోర్సా? సైన్యంలో డెంటిస్ట్ ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

మొన్న సోమవారం సాయంత్రం తిరుమలగిరిలోని నా క్లినిక్‌కి ఒక కుర్రాడు వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. పంటి నొప్పి కాదు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్, అందులో బీడీఎస్ మెమోలు, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, ఇంటర్నెట్‌లోంచి ప్రింట్ తీసిన నాలుగు కాగితాలు. "మేడమ్, నేవీ మంచిదా, ఎయిర్‌ఫోర్స్ మంచిదా? ఆర్మీ అంటే అమ్మ భయపడుతోంది" అన్నాడు.

రెండేళ్లుగా నేవీ డెంటల్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాడట. "పీజీ చెయ్యను కదా, ఎందుకులే" అని ఆ రెండేళ్లూ డెంటల్ పీజీ ప్రవేశపరీక్ష నీట్ ఎండీఎస్ రాయలేదు. ఈలోగా ఆర్మీ డెంటల్ కోర్ నోటిఫికేషన్ వచ్చింది, పోయింది. అది తనకు కాదనుకుని పక్కన పెట్టేశాడు. నేను యూనిఫాం వదిలి ఈ క్లినిక్ పెట్టుకున్నప్పటి నుంచి ఇదే కథ ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. అందుకే రాస్తున్నాను.

అపోహ: సైన్యంలో డెంటిస్ట్‌గా చేరాలంటే ముందు మూడు దళాల్లో ఒకటి ఎంచుకోవాలి.

వాస్తవం: మన దేశంలో చేరే ముందు ఆ ఎంపిక లేదు. 1941లో ఏర్పడిన ఆర్మీ డెంటల్ కోర్ ఒక్కటే మూడు దళాల పళ్లూ చూస్తుంది. చేరే గుమ్మం ఒక్కటే. లోపలికి వెళ్లాక సర్వీసు అవసరాన్ని బట్టి నిన్ను పదాతిదళం ఉన్న చోటికి పంపొచ్చు, నేవీ ఆసుపత్రికి పంపొచ్చు, ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌కు పంపొచ్చు. నేవీ తెల్ల యూనిఫాంలో నువ్వు చూసే డెంటల్ సర్జన్ కూడా ఈ కోర్ మనిషే. నేవీ వాళ్లు విడిగా డెంటిస్టుల కోసం ప్రకటన ఇస్తారని కూర్చుంటే కూర్చున్నట్టే ఉంటావు. వయసు పోతుంది, వచ్చిన నోటిఫికేషన్ పోతుంది.

ఈ గందరగోళం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ నాలుగు కాగితాలు చూస్తే తెలిసిపోయింది. అన్నీ అమెరికావి. డాలస్‌లో ఉన్న వాళ్ల బావ పంపాడట. అక్కడ ఆర్మీ డెంటల్ కోర్ 1911లో, నేవీ డెంటల్ కోర్ 1912లో వేర్వేరుగా పుట్టాయి. ఎయిర్‌ఫోర్స్ డెంటల్ విభాగం ఇంకొకటి. మెరైన్లకు నేవీ డెంటిస్టులే వైద్యం చేస్తారు. డెంటల్ స్కూల్ ఫీజు మొత్తం కట్టి, నెలనెలా స్టైపెండ్ ఇచ్చి, చదువయ్యాక సర్వీసు చేయించుకునే స్కాలర్‌షిప్ ఉంది, అదీ అక్కడి పౌరులకు. ఓడ ఎక్కాలా, నేల మీద ఉండాలా, కుటుంబాన్ని ఏ ఊళ్లో పెట్టాలి అని అక్కడి విద్యార్థి దళాన్ని ఎంచుకోవడానికి నెలల తరబడి ఆలోచిస్తాడు. ఆలోచించాలి కూడా. ఆ లెక్కలు తెచ్చి ఇక్కడ వేస్తే కుదరదు.

ఈ అయోమయంలోనే మోసగాళ్లు దూరుతున్నారు. పోయినేడాది ఒక తండ్రి కరీంనగర్ నుంచి వచ్చి, "నేవీ కోటాలో డెంటల్ సీటు" ఇప్పిస్తానని ఒకడు మూడు లక్షలు అడిగాడని చెప్పాడు. అప్పటికే ఇరవై వేలు ఇచ్చేశాడు. అయ్యా, లేని పోస్టుకు కోటా ఎక్కడిది? ఆయన్ను కోప్పడలేకపోయాను. కూతురి మీద ఆశతో ఇచ్చాడు.

మరి ఎలా చేరాలి? బీడీఎస్ లేదా ఎండీఎస్, ఇంటర్న్‌షిప్ పూర్తి, డెంటల్ కౌన్సిల్‌లో చెల్లుబాటయ్యే శాశ్వత రిజిస్ట్రేషన్, నోటిఫికేషన్‌లో అడిగిన ఏడాది నీట్ ఎండీఎస్ స్కోరు. ఈ చివరిది ఎంత చెప్పినా మన పిల్లల చెవికి ఎక్కడం లేదు. పీజీ సీటు నీకు అక్కర్లేకపోవచ్చు, ఇంటర్వ్యూకి పిలవాలంటే వాళ్లకు ఆ స్కోరు కావాలి. ఇంటర్వ్యూ, మెడికల్ పరీక్ష గట్టెక్కితే కెప్టెన్ హోదాతో షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే కొన్నేళ్ల గడువుతో ఆఫీసర్ ఉద్యోగం. మూల వేతనం 61,300 దగ్గర మొదలవుతుంది, పైన మిలిటరీ సర్వీస్ పే 15,500, సొంత ప్రాక్టీసు చేయనందుకు ఇచ్చే నాన్ ప్రాక్టీసింగ్ అలవెన్స్.

అపోహ: నేవీ అయితే సముద్రం, ఎయిర్‌ఫోర్స్ అయితే ఏసీ గది, ఆర్మీ అయితే బార్డర్.

ఎక్కడున్నా చేసే పని పళ్ల పనే, పేషెంట్ మారతాడంతే. నేనొక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో ఉన్నప్పుడు ఒక కుర్ర పైలట్ వచ్చాడు. నేల మీద ఏ నొప్పీ లేదు. విమానం పైకి లేస్తుంటే కింది దవడలో సూదితో పొడిచినట్టు. దిగగానే మాయం. దీన్ని మేం బారోడాంటాల్జియా అంటాం. పైకి వెళ్లేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గి, పంటిలో చిక్కుకున్న గాలి వ్యాకోచిస్తుంది. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేదు. ఒక మోలార్‌లో, అంటే నమిలే పంటిలో, పాత సిల్వర్ ఫిల్లింగ్ ఉంది, దాని అంచు మీద ఎక్స్‌ప్లోరర్ అనే సన్నమొన పరికరం ఆడిస్తే ఒక్కచోట మొన దిగింది. ఫిల్లింగ్ తీసేశాను. అడుగున పంటి లోపలి పొర, డెంటిన్, తడి బెల్లంలా గోధుమరంగులో ఉంది. శుభ్రం చేసి, మళ్లీ నింపి, అతను తిరిగి ఎగిరి వచ్చి బొటనవేలు చూపించే దాకా నాకు నిద్ర పట్టలేదు. ఆ ఏసీ గదిలో ఉండే బరువు అదీ. అంతకుముందు ఎత్తైన కొండల్లో చేసినప్పుడు, మంచుతో దారులు మూసుకుపోయేలోపు ఒక్కో జవాను నోరూ చూసి పంపాలని రోజంతా నిలబడే ఉండేదాన్ని. రెండూ ఒకే కోర్ నాకిచ్చిన పనులు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సికింద్రాబాద్ ఆర్మీ డెంటల్ కాలేజీలో చదివితే నేరుగా కమిషన్ రాదు. అది ప్రధానంగా ఆర్మీ వాళ్ల పిల్లల కోసం పెట్టిన కాలేజీ, అక్కడ చదివినవాళ్లూ అందరితో పాటు దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో బీడీఎస్ లేదు. ముప్పై దాటితే అయిపోయిందనేది తప్పు, షార్ట్ సర్వీస్‌కు వయోపరిమితి 45.

పెన్షన్ గురించి మాత్రం కాస్త ఆగి వినండి. షార్ట్ సర్వీస్ పూర్తిగా చేసినా 14 ఏళ్లే. ఆఫీసర్‌కు సర్వీసు పెన్షన్ రావాలంటే 20 ఏళ్లు కావాలి. మధ్యలో పర్మనెంట్ కమిషన్‌కు, అంటే రిటైరయ్యే దాకా కొనసాగే ఉద్యోగానికి, అవకాశం ఉంటుంది, అందరికీ రాదు. పెన్షన్ ఖాయమని చెప్పి పెళ్లి సంబంధాలు మాట్లాడేవాళ్లను చూశాను, దయచేసి అలా చెయ్యకండి.

ఆడపిల్లలను తీసుకోరనే మాటా వింటుంటాను. నేను చేశాను కదా! అయితే 30 పోస్టుల్లో 27 మగవాళ్లకే పెట్టిన నోటిఫికేషన్ కూడా వచ్చింది. 2023లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా తప్పుబట్టింది, గడియారాన్ని వెనక్కి తిప్పడమే అంది. ఆ పాత లెక్క చూసి ఎవరూ వెనక్కి తగ్గకండమ్మా.

ఇదంతా చెప్పాక ఆ కుర్రాడి తల్లి అడిగింది: "అయితే సముద్రం మీదికీ పంపుతారా మేడమ్?" పంపొచ్చమ్మా అన్నాను. ఆమె కాసేపు కొడుకు వైపు చూసి, "వాడికి చిన్నప్పటి నుంచి అదే పిచ్చి" అంది.

ఎలాగూ వచ్చాడు కదాని కుర్చీలో పడుకోబెట్టి డెంటల్ పాయింట్లు, అంటే పనికొచ్చే పళ్లకు వేసే మార్కులు, లెక్కపెట్టాను. మెడికల్‌లో 22కి కనీసం 14 ఉండాలి. ఎడమవైపు కింద మొదటి మోలార్ ఎప్పుడో పీకించుకున్నాడు, అయినా హాయిగా దాటాడు. పై దవడలో ఒకటి పుచ్చడం మొదలైంది. గురువారం ఫిల్లింగ్‌కి రమ్మన్నాను, వచ్చేటప్పుడు నీట్ ఎండీఎస్ దరఖాస్తుకు ఫొటో కూడా తెచ్చుకోమన్నాను.