చల్లదనం తయారు చేసే యంత్రం లేదు

ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచిపెడితే గది చల్లబడుతుందా? దాని ముందు నిలబడ్డంతసేపూ హాయిగానే ఉంటుంది. కానీ కిటికీలు, తలుపులు మూసి కొన్ని గంటలు అలాగే వదిలేస్తే గది అంతకుముందు కంటే వేడెక్కుతుంది. ఫ్రిజ్ లోపలి నుంచి లాగిన వేడిని వెనకవైపు నుంచి అదే గదిలోకి వదులుతుంది. కంప్రెసర్ వాడుకున్న కరెంటు కూడా చివరికి వేడిగా మారి దానికి తోడవుతుంది. ఏసీ చేసేదీ ఇదే పని. కాకపోతే దాని వెనకభాగం గది బయట ఉంటుంది, అంతే తేడా.

చల్లదనం అని విడిగా ఏమీ లేదు. వస్తువులోని అణువుల కదలికే వేడి, ఆ కదలిక తగ్గితే చల్లబడిందంటాం. నీరు పల్లమెరుగు అన్నట్టు వేడి తనంతట తానుగా వేడి చోటు నుంచి చల్లటి చోటుకే పోతుంది. ఎదురు నడిపించాలంటే మోటారు పెట్టి తోడాల్సిందే. కాబట్టి చల్లబరిచే ఏ పరికరాన్ని చూసినా అడగాల్సిన ప్రశ్న ఒకటే: లోపలి నుంచి తీసిన వేడిని ఎక్కడ పారబోస్తోంది?

వేడిని లాగడానికి అన్నిటికంటే సులువైన దారి ద్రవాన్ని ఆవిరి చేయడం. ఒక కిలో నీటిని సున్నా నుంచి 100 డిగ్రీల దాకా కాచడానికి సుమారు 420 కిలోజౌళ్లు చాలు. ఆ మరిగే నీటినే పూర్తిగా ఆవిరి చేయాలంటే మరో 2,260 కావాలి, అంటే అయిదు రెట్లకు పైనే. బడిలో గుప్తోష్ణం అని చదువుకున్నది దీన్నే. చర్మం మీద చెమట ఆరినప్పుడు ఈ వేడి చాలావరకు మన ఒంటి నుంచే పోతుంది. అయితే చెమట ఆరితేనే లాభం. కారి కింద పడిపోయిన చెమట చుక్క ఒంటిని చల్లబరిచేది దాదాపు ఏమీ ఉండదు. గాలిలో తేమ ఎక్కువైన రోజు ఉక్కపోతకు కారణం ఇదే.

ఫ్యాన్ గదిని చల్లబరచదు, పైపెచ్చు దాని మోటారు గదికి కాస్త వేడిని కలుపుతుంది. అది చేసేదల్లా ఒంటిని అంటిపెట్టుకున్న తేమ గాలిని తోసేసి చెమట త్వరగా ఆరేలా చూడడమే. అందుకే మనిషి లేని గదిలో ఫ్యాన్ తిప్పడం శుద్ధ దండగ. గాలి మన చర్మం కంటే వేడిగా ఉంటే ఫ్యాన్ ఆ వేడిని మన మీదికే నెడుతుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్‌ను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే.

ఆవిరితో ఎంత దూరం పోవచ్చో 1758లో శాస్త్రవేత్తలు బెంజమిన్ ఫ్రాంక్లిన్, జాన్ హాడ్లీ ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో చేసి చూశారు. థర్మామీటర్ బుడ్డిని ఈథర్ అనే, ఇట్టే ఆవిరయ్యే ద్రవంతో తడపడం, గాలి ఊది ఆరబెట్టడం, మళ్లీ తడపడం. గది వెచ్చగానే ఉన్నా పాదరసం సున్నాకు దాదాపు 14 డిగ్రీలు దిగువకు పడిపోయింది. వేసవి రోజున కూడా మనిషిని గడ్డకట్టించి చంపవచ్చని ఫ్రాంక్లిన్ రాశాడు. ఇందులో చిక్కేమిటంటే ఆవిరైన ఈథర్ గాలిలో కలిసిపోతుంది. దాన్ని పట్టి, నొక్కి, మళ్లీ ద్రవంగా మార్చి తిప్పుతూ ఉండే యంత్రానికి 1834లో జేకబ్ పెర్కిన్స్ పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ్టి ఫ్రిజ్‌లూ ఏసీలూ చాలావరకు ఆ పద్ధతిలో నడిచేవే. ఒత్తిడి తగ్గిస్తే ద్రవం చల్లగా ఉండగానే మరిగి లోపలి వేడిని పీలుస్తుంది, ఒత్తిడి పెంచితే ఆ ఆవిరి వేడెక్కి, బయట వేడిని వదిలి, తిరిగి ద్రవమవుతుంది. ఇదంతా మూసిన గొట్టాల్లో జరిగే పని. కనుక ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోదు. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు మూయకుండా గ్యాస్ నింపించుకోవడం కన్నం ఉన్న బిందెలో నీళ్లు పోయడమే.

ఒక టన్ను ఏసీ అంటే దాని బరువు కాదు. యంత్రాలు రాకముందు చల్లదనానికి కొలత మంచుగడ్డే. 907 కిలోల మంచు (అమెరికా టన్ను అంతే) 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో అంత వేడిని లాగగలిగితే అది ఒక టన్ను. లెక్క వేస్తే సుమారు మూడున్నర కిలోవాట్లు. కానీ ఏసీ వాడే కరెంటు సాధారణంగా ఒక కిలోవాటు దగ్గర్లో ఉంటుంది. మోసమేమీ లేదు, అది వేడిని పుట్టించడం లేదు, మోస్తోంది. హీటర్‌కు ఈ సౌలభ్యం లేదు, తిన్నంత కరెంటుకే వేడినిస్తుంది.

ఏసీ శక్తిలో కొంత గాలిని చల్లబరచడానికి కాక తేమ తీయడానికి పోతుంది. అసలు 1902లో విల్లిస్ కారియర్ అనే ఇంజినీరు బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసుకు తన ఏసీ యంత్రాన్ని రూపొందించింది మనుషుల సుఖం కోసం కాదు, తేమకు ఉబ్బుతూ ముడుచుకుంటూ రంగుల అచ్చును చెడగొడుతున్న కాగితాల కోసం. ఏసీ పైపు నుంచి ఒక లీటరు నీళ్లు కారాయంటే, ఒక టన్ను ఏసీ గంటసేపు చేసే పనిలో దాదాపు అయిదో వంతు ఆ నీటికే పోయినట్టు.

లోపల తిరిగే వాయువుల కథ అంత ముచ్చటైనది కాదు. మొదట్లో వాడిన అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ విషవాయువులు. వాటి బదులు వచ్చిన సీఎఫ్‌సీలు (క్లోరిన్, ఫ్లోరిన్, కార్బన్ కలిసిన వాయువులు) మనిషికి హాని చేయలేదు గానీ ఓజోన్ పొరను తిన్నాయి. 1987 మాంట్రియల్ ఒప్పందంతో వాటికి అడ్డుకట్ట పడింది. చివరికి వాటి చోట వచ్చిన క్లోరిన్ లేని హెచ్‌ఎఫ్‌సీ వాయువులు ఓజోన్‌ను వదిలేసినా భూమిని వేడెక్కించాయి. వాటిని తగ్గించడానికి 2016లో రువాండా రాజధాని కిగాలీలో మరో అంగీకారం కుదిరింది.

ఇక రిమోట్ సంగతి. పాత రకం ఏసీలో కంప్రెసర్ తిరిగితే పూర్తి వేగంతో తిరుగుతుంది, లేదంటే ఆగుతుంది. దానికి 16 పెట్టినా 24 పెట్టినా గది చల్లబడే వేగం ఒకటే. 16 పెడితే ఎక్కువసేపు తిరుగుతుంది, అంతే. ఇన్వర్టర్ ఏసీ తన వేగాన్ని మార్చుకోగలదు కాబట్టి మొదట్లో కొంత తేడా కనిపించవచ్చు. రకం ఏదైనా, లోపలికీ బయటికీ ఉష్ణోగ్రతల తేడా పెరిగేకొద్దీ ప్రతి యూనిట్ కరెంటుతో మోయగలిగే వేడి తగ్గుతూ పోతుంది. బయటి యూనిట్‌ను గాలాడని ఇరుకు మూలలో బిగిస్తే అది తాను వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది, అప్పుడు ఆ తేడా ఇంకా పెరుగుతుంది.