ఫోన్‌కు రెండేళ్లే ఆయుష్షా? కొన్ని అపోహలు – వాస్తవాలు

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఫోన్లు బాగుచేసే మాలాంటివాళ్లకు రోజూ వినిపించే మాట ఒకటుంది: "రెండేళ్లయింది కదా బాబూ, దీని పని అయిపోయినట్టే. పాతదానికి ఎంతిస్తారో చెప్పండి, కొత్తది తీసుకుంటాం." ఈ మాట అనేవారిలో ఎక్కువమంది పదిహేను, ఇరవై వేల రూపాయల ఫోన్ వాడుతున్నవారు. సూరత్‌లో మగ్గాల మీద పనిచేసే కొడుకుతో మాట్లాడేది దానితోనే, బ్యాంకు ఓటీపీ వచ్చేది దానికే, ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బు ఖాతాలో పడిందో లేదో చూసుకునేదీ అందులోనే. అది నడిమధ్యలో ఆగిపోతుందేమోనన్న దిగులును నేను తప్పుపట్టను. నాకు విసుగు పుట్టించేది, "రెండేళ్లకు పాడయ్యేలా కంపెనీలే లోపల ఏదో పెట్టి పంపుతాయి" అంటూ ఆ దిగులును పెంచే వాట్సాప్ సందేశాలు.

అపోహ: రెండేళ్లు దాటాక ఫోన్ నెమ్మదిస్తే, ఛార్జింగ్ నిలవకపోతే, మార్చడం తప్ప దారి లేదు.

వాస్తవం: రెండేళ్లలో నిజంగా అరిగేది బ్యాటరీ. నిండిపోయేది స్టోరేజీ. మురికి పట్టేది ఛార్జింగ్ పిన్. ప్రాసెసర్ కొన్ననాడు ఎంత వేగంగా ఉందో చాలావరకు ఈనాడూ అంతే వేగంగా ఉంటుంది.

కంపెనీలే ఫోన్లు పాడుచేస్తాయన్న ఆ వదంతికి మూలం లేకపోలేదు. పాత బ్యాటరీలున్న కొన్ని ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గిస్తున్నట్టు ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. సందేశాలు తిప్పేవారు అక్కడితో ఆగిపోతారు. అరిగిన బ్యాటరీ తగినంత కరెంటు ఇవ్వలేక ఫోన్ హఠాత్తుగా ఆఫ్ అవుతుంటే దాన్ని ఆపడానికే అలా చేశామని ఆ కంపెనీ చెప్పిందనీ, బ్యాటరీ మార్చగానే ఆ ఫోన్ల వేగం తిరిగి వచ్చిందనీ, 2018లో 29 డాలర్లకే బ్యాటరీ మార్చి ఇచ్చారనీ ఎవరూ చెప్పరు. ఆ గొడవ అంతా చివరికి తేల్చింది, అరిగింది ఫోన్ కాదు, బ్యాటరీ అనే.

లిథియం బ్యాటరీ పాతబడేకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. ఊరికే పెట్టి ఉంచినప్పుడు ఏ తేడా కనిపించదు గానీ, వీడియో కాల్ మొదలుపెట్టినా కెమెరా తెరిచినా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావలసి వస్తుంది, అప్పుడు వోల్టేజీ కిందికి జారి ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ఆఫ్ అయిపోతుంది. తెర మీద 30 శాతం చూపిస్తూనే ఆరిపోయి, ఛార్జర్ పెట్టగానే మళ్లీ 28 శాతం చూపించే ఫోన్ జబ్బు ఇదే. దాన్ని "బోర్డు పోయింది" అని చెప్పేవారి దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండాలి. మధ్యశ్రేణి ఫోన్ బ్యాటరీ మార్పిడికి చాలావరకు వెయ్యి నుంచి రెండు వేల రూపాయల మధ్య అవుతుంది. కొత్త ఫోన్‌కైతే నెలనెలా వాయిదాలు కట్టాలి.

ఏరు దాటి, ఆంధ్ర వైపున్న పాతపట్నం నుంచి వచ్చిన ఒక టీచరమ్మ ఫోన్ ఇందుకు మంచి ఉదాహరణ. హాజరు వేస్తుండగా ఆఫ్ అయిపోతోందని, ఆమె ఒక దుకాణంలో ఎక్స్ఛేంజికి మాట్లాడుకుని, బయానా కూడా ఇచ్చి వచ్చారు. పాత ఫోన్‌లోని ఫొటోలు కొత్తదానిలోకి ఎక్కిస్తే చాలునన్నారు. ఫోన్ బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో తోస్తే బొంగరంలా తిరిగింది. వెనుక మూత చదునుగా లేదన్నమాట. అంచు వేడిచేసి, పలుచని ప్లాస్టిక్ రేకుతో మూత లేపి చూస్తే బ్యాటరీ మధ్యలో అప్పడంలా ఉబ్బి ఉంది. (ఇలా ఉబ్బినదాన్ని చేత్తో నొక్కి సర్దకూడదు, సూదితో గాలి తీయకూడదు, ఛార్జింగ్ అసలే పెట్టకూడదు, నిప్పంటుకుంటుంది.) బ్యాటరీ మార్చాక ఆఫ్ కావడం ఆగింది గానీ, హ్యాంగ్ అవడం ఆగలేదు. చూస్తే 128 జీబీలో రెండు జీబీ కూడా ఖాళీ లేదు. ఆమె ఉన్న ఒక గ్రూపులో తెల్లవారితే "శుభోదయం" బొమ్మలు, ఇంకో గ్రూపులో అదే మాట ఒడియాలో, "శుభ సకాళ" బొమ్మలు, రెండింటిలోనూ అవే పెళ్లి వీడియోలు. వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజీ నిర్వహణకు వెళ్లి, పెద్ద ఫైళ్లనూ పదేపదే ఫార్వర్డ్ అయినవాటినీ ఆమె చేతనే ఏరించి తీసేయించాం. ఆ సాయంత్రమే ఆమె వెళ్లి బయానా వెనక్కి అడిగారు, సగమే ఇచ్చారట.

స్టోరేజీ నిండితే వేగం తగ్గడంలో మాయ లేదు. ఫ్లాష్ మెమరీలో పాతదాని మీదే కొత్తది రాయడం కుదరదు; ముందు ఒక భాగమంతా చెరపాలి. ఖాళీ భాగాలు లేకపోతే ఉన్నవాటిని అటూఇటూ సర్ది చోటు చేసుకున్నాకే రాయాలి, ఆ సర్దుబాటే మనకు హ్యాంగ్‌గా కనిపిస్తుంది. పది, పదిహేను శాతం ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోవడం మంచిది. "క్లీనర్" యాప్‌లు ఈ పని చేయవు. అవి ప్రకటనలు చూపిస్తాయి, తామూ కొంత చోటు తింటాయి.

ఛార్జింగ్ పిన్ సంగతి ఇంకా చిన్నది. కేబుల్ వదులుగా ఉంది, ఏదో ఒక కోణంలో పట్టుకుంటేనే ఎక్కుతోంది అంటూ వచ్చే ఫోన్లలో చాలావాటి సాకెట్ లోపల జేబులోని నూలుపీచు అడుగున బిళ్లకట్టి ఉంటుంది. ఫోన్ ఆఫ్ చేసి, సన్నని చెక్కపుల్లతో మెల్లగా గోకితే ఉండ బయటికి వస్తుంది, కేబుల్ "టిక్" మని కూర్చుంటుంది. పిన్నీసు మాత్రం పెట్టకండి.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. కొత్త ఫోన్‌ను ఎనిమిది గంటలు ఛార్జ్ చేయాలనీ, అప్పుడప్పుడు సున్నాకు దించాలనీ అనేది పాత నికెల్ బ్యాటరీల కాలపు మాట. లిథియానికి అది మేలు చేయకపోగా కీడే చేస్తుంది. రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచితే పేలదు, నిండగానే ఫోన్ తీసుకోవడం ఆపేస్తుంది. అయితే దిండు కింద పెట్టి ఛార్జ్ చేస్తే వేడి ఎటూ పోలేక బ్యాటరీ త్వరగా అరుగుతుంది. చాలా కంపెనీలు తమ ఫోన్లకు 0 నుంచి 35 డిగ్రీల వాతావరణం తగినదంటాయి, మన ఏప్రిల్, మే ఎండల్లో బండి హ్యాండిల్ మీద మ్యాపు చూపిస్తూ తిరిగే ఫోన్ ఆ హద్దు ఎప్పుడో దాటి ఉంటుంది. "8 ప్లస్ 8, మొత్తం 16 జీబీ ర్యామ్" అన్న ప్రకటనలో రెండో ఎనిమిది ర్యామ్ కాదు, మీ స్టోరేజీలోంచే అరువు తీసుకున్న చోటు. తడిసిన ఫోన్‌ను బియ్యంలో పూడ్చిపెట్టడం వల్ల లోపల బోర్డుకు చిలుము పట్టడం ఆగదు. వెంటనే ఆఫ్ చేసి, "పనిచేస్తుందేమో చూద్దాం" అని ఛార్జర్ తగిలించకుండా తీసుకురండి.

సరిహద్దులో ఉన్నందుకు మనకు ప్రత్యేకంగా ఒక అపోహ ఉంది: ఏరు దాటగానే నెట్ ఆగిపోతే ఫోన్ పాడైందనుకోవడం. మొబైల్ కంపెనీల లెక్కలో పాతపట్నం ఆంధ్ర సర్కిల్, పర్లాకిమిడి ఒడిశా సర్కిల్; కొన్ని ఫోన్లలో సిగ్నల్ పక్కన రోమింగ్‌కు గుర్తుగా "ఆర్" అక్షరం వచ్చి, డేటా రోమింగ్ ఆపి ఉంటే నెట్ రాదు. సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేస్తే చాలు. దేశంలోపల అదనపు ఖర్చు పడుతుందన్న భయం పాత రోజులది.

ఫోన్ ఎప్పుడూ మార్చవద్దని నేను అనడం లేదు. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయి చాలాకాలమైన ఫోన్‌లో బ్యాంకు యాప్ వాడవద్దని నేనే చెబుతాను. అందుకే కొనేటప్పుడు కెమెరా మెగాపిక్సెళ్ల కంటే అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారో అడగండి. 2024లో వచ్చిన సామ్‌సంగ్ గెలాక్సీ ఏ16 5జీ వంటి ఫోన్‌కే ఆరేళ్లు ఇస్తామన్నారు. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధనల ప్రకారం బ్యాటరీ 800 సార్లు ఛార్జ్ అయిన తరువాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. ఆ నిబంధన మనకు వర్తించదు, కానీ రెండేళ్ల ఆయుష్షు ప్రకృతి నియమమేమీ కాదని దాన్నిబట్టి తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవారు డబ్బు ఇవ్వకముందే *#06# నొక్కి ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన పదిహేను అంకెల ఐఎంఈఐ చూసి, ఇంగ్లీషులో KYM అని రాసి, ఖాళీ వదిలి, ఆ అంకెలను 14422కు ఎస్ఎంఎస్ చేయండి. దొంగిలించినదిగా బ్లాక్ అయి ఉంటే తెలిసిపోతుంది. అమ్మేవారు ఫొటోలు దాచుకున్నాక, గూగుల్ ఖాతాను సెట్టింగుల్లోంచి తీసేసిన తరువాతే రీసెట్ చేయండి. ఖాతా ఉండగానే బటన్లు నొక్కి రికవరీలోంచి రీసెట్ చేస్తే, కొన్నవారిని ఆ ఫోన్ మీ పాస్‌వర్డే అడుగుతుంది, వాళ్లు దాన్ని పట్టుకుని మా దుకాణానికి వస్తారు.