గంటలో నిండే బ్యాటరీ

నర్సంపేటలో కంప్యూటర్ సెంటర్ నడుపుకునే ఒక పాఠకుడు ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది: "సార్, నా సోలార్ బ్యాటరీ పొద్దున గంటల్నే ఫుల్ అయితది. కరెంటు పోతే మాత్రం అర్ధగంట సుత ఆగుతలేదు. ఫుల్ అయిన బ్యాటరీ గింత జల్దీ ఎట్ల ఖాళీ అయితది?"

ప్రశ్నలోనే జవాబు ఉంది. గంటలో నిండుతోంది కాబట్టే అర్ధగంటలో ఖాళీ అవుతోంది. కొత్తగా ఉన్నప్పుడు ఇదే ప్యానెల్‌తో ఇదే బ్యాటరీ నిండడానికి పూటంతా పట్టేది. ఇప్పుడు తొందరగా పచ్చ లైటు వెలుగుతుంటే, బ్యాటరీ బాగా పట్టుకుంటోందని ఆయన మురిసిపోయాడట. నిజానికి జబ్బు బయటపడింది అక్కడే.

నర్సంపేటకు పాకాల చెరువు దగ్గరే. అందుకని ఆయనకు చెరువు లెక్కతోనే చెప్పాను. కాకతీయ గణపతిదేవుని కాలం నుంచి మనవాళ్ళు చెరువుల మీద బతికారు కదా, పూడిక అంటే విడమరిచి చెప్పనక్కర్లేదు. పూడిక నిండిన చెరువు ఒక్క పెద్దవానకే మత్తడి దుంకుతుంది. చూసేవాళ్ళు చెరువు నిండిందని సంబరపడతారు. ఆయకట్టుకు తూము తెరిస్తే మాత్రం నాలుగు తడులకే అడుగు కనబడుతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఊరూరా ట్రాక్టర్లతో ఒండ్రు ఎత్తిపోసింది ఇందుకే. ఆయన బ్యాటరీలోనూ సరిగ్గా ఇదే జరిగింది.

మరి బ్యాటరీలో పూడిక ఏమిటి? 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన నాటి నుంచి ఈ లెడ్ యాసిడ్ జాతి బ్యాటరీ రసాయనం మారలేదు. ఒక పలక సీసం, ఇంకోటి సీసం డయాక్సైడ్, మధ్యన సల్ఫ్యూరిక్ యాసిడ్. కరెంటు వాడుకుంటున్నప్పుడు యాసిడ్‌లోని సల్ఫేట్ రెండు పలకల మీదికీ చేరి సీసం సల్ఫేట్ అవుతుంది, యాసిడ్ పలచబడుతుంది. చార్జింగ్ పెడితే అంతా వెనక్కి తిరుగుతుంది. చెరువులో పూడిక బయటి నుంచి కొట్టుకొస్తుంది. ఇక్కడ మాత్రం వాడకమే పూడికను పుట్టిస్తుంది, చార్జింగే దాన్ని కరిగిస్తుంది. అంటే పూడిక పడడం తప్పు కాదు, దాన్ని అట్లాగే వదిలెయ్యడం తప్పు.

నేను పాఠం చెప్పిన రోజుల్లో ఈ సమీకరణాన్ని పిల్లలతో బట్టీ పట్టించేవాళ్ళం. రెండు వైపులా అణువులు సరిపోతే మార్కులు పడేవి. ఆ సల్ఫేట్ స్ఫటికం ఎంత పెద్దది అన్న ప్రశ్న పుస్తకంలో ఉండేది కాదు. బ్యాటరీ బతుకంతా ఆ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

అప్పుడే పుట్టిన సల్ఫేట్ స్ఫటికాలు మహా సన్నగా ఉంటాయి. చార్జింగ్‌లో అవి ముందు యాసిడ్‌లో కరగాలి, కరిగిన సీసం అయాన్లు పలకను చేరి మైనస్ వైపు ఎలక్ట్రాన్లు అందుకోవాలి, ప్లస్ వైపు వదులుకోవాలి. అసలే సీసం సల్ఫేట్ కరిగే గుణం చాలా తక్కువ. కాబట్టి ఎంత ఉపరితలం ద్రవానికి తగులుతోందన్నదే ముఖ్యం. అదే బరువు సల్ఫేట్ ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) స్ఫటికాలుగా కాక పది మైక్రాన్ల స్ఫటికాలుగా ఉంటే ఉపరితలం పదో వంతుకు పడిపోతుంది. బ్యాటరీని సగం ఖాళీగా రోజుల తరబడి ఉంచితే జరిగేది ఇదే. సన్న స్ఫటికాలు కరుగుతాయి, ఆ పదార్థం పెద్దవాటి మీద పేరుకుంటుంది, చిన్న చేపను పెద్ద చేప మింగినట్టు. 1909లో నోబెల్ అందుకున్న రసాయన శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఓస్త్వాల్డ్ పేరు మీదనే ఈ పెరుగుదలను పిలుస్తారు. పైగా సీసం సల్ఫేట్‌గా మారినప్పుడు రెండున్నర రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. పలకలోని సన్న రంధ్రాలు మూసుకుపోయి, లోపలి మంచి సీసం యాసిడ్‌కు అందకుండా పోతుంది. తడి ఒండ్రును పారతో తీస్తాం. ఎండి గట్టిపడితే గడ్డపార కూడా దిగదు.

ఇప్పుడు చార్జర్ సంగతి. పనిచేసే ఉపరితలం తగ్గిపోయింది కాబట్టి, అదే కరెంటును లోపలికి నెట్టాలంటే వోల్టేజి ఎగబాకుతుంది. చార్జర్‌కు తెలిసింది వోల్టేజి ఒక్కటే. 14.4 వోల్టులు ఎక్కగానే నిండిందనుకుని వెనక్కి తగ్గుతుంది, పచ్చ లైటు వెలుగుతుంది. మల్టీమీటరూ మోసపోతుంది. నాలుగు గంటలు విశ్రాంతి ఇచ్చి కొలిస్తే మంచి సీల్డ్ (నీళ్ళు పోసే పని లేకుండా మూసేసిన) బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 12.8 వోల్టుల పైన, సగం ఉన్నప్పుడు 12.2 దగ్గర చూపిస్తుంది. ఈ అంకె చెప్పేది యాసిడ్ చిక్కదనాన్నే, ఎంత యాసిడ్ పనికొస్తోందన్నది కాదు. తూము దగ్గరి గీతలు నీటిమట్టం చూపిస్తాయి, కింద ఎన్ని అడుగుల పూడిక ఉందో చూపించవు. "వోల్టేజి మంచిగనే ఉంది సార్" అని మెకానిక్ అన్న బ్యాటరీలు ఎన్నో నేను పరీక్షించి చూశాను. అన్నీ పూడిన చెరువులే.

మన ప్రాంతంలో ఈ పూడిక ముఖ్యంగా వానాకాలంలో పడుతుంది. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే ప్యానెల్ సగం కూడా ఇవ్వదు, రాత్రి లైట్లు మాత్రం వెలగాల్సిందే. అట్లా వరుసగా సగం ఖాళీలో ఉండడమే బ్యాటరీకి అన్నిటికన్నా పెద్ద దెబ్బ. ముసురు రోజుల్లో ఇంటి కరెంటుతో ఒకసారి పూర్తిగా, తీరిగ్గా నింపితే చాలు. దుకాణం మూసి ఊరెళ్ళేటప్పుడు కూడా నింపి, తీగ విప్పి వెళ్ళాలి.

సీల్డ్ అంటే మూసేసింది, ఇక పట్టించుకోనక్కర్లేదు అనుకోవడం రెండో పొరపాటు. ఈ భాగం నాకు మహా ఇష్టం. చార్జింగ్ చివర్లో ప్లస్ పలక దగ్గర నీరు విడిపోయి ఆక్సిజన్ పుడుతుంది. పాత బ్యాటరీల్లో అది బుడగలై పోయేది, అందుకే డిస్టిల్డ్ వాటర్ పోసేవాళ్ళం. సీల్డ్‌లో పలకల మధ్య గాజుపీచు చాప ఉంటుంది. దాన్ని యాసిడ్‌తో నిండుగా తడపరు, నూటికి ఐదు వంతుల దాకా సందులు కావాలనే వదిలేస్తారు. ఆక్సిజన్ ఆ సందుల గుండా మైనస్ పలకకు చేరి సీసాన్ని ఆక్సైడ్ చేస్తుంది. ఆక్సైడ్ యాసిడ్‌తో కలిసి సల్ఫేటూ నీరూ అవుతుంది. చార్జింగ్ కరెంటు ఆ సల్ఫేట్‌ను మళ్ళీ సీసం చేస్తుంది. పోయిన నీరు తిరిగొచ్చింది! మూత పెట్టిన డబ్బాలో ఇంత ముచ్చటైన ఏర్పాటు చేసినవాళ్ళకు దండం పెట్టాలనిపిస్తుంది.

అయితే దీనికి హద్దుంది. చార్జింగ్ వోల్టేజి మరీ ఎక్కువైతే వాయువు తిరిగి కలిసేదానికన్నా పుట్టేదే ఎక్కువై, ఒత్తిడి పెరిగి రబ్బరు వాల్వు తెరుచుకుంటుంది. ఆ వాల్వే బ్యాటరీ మత్తడి. గొలుసుకట్టు చెరువుల్లో మత్తడి దుంకిన నీళ్ళు కింది చెరువుకు చేరతాయి. ఈ బ్యాటరీకి కింద చెరువు లేదు. పోయిందంతా పోయినట్టే, మళ్ళీ పోయడానికి మూతా లేదు. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండే చార్జ్ కంట్రోలర్‌లో బ్యాటరీ రకం 'సీల్డ్' అని పెట్టారో లేదో ఇవాళే చూసుకోండి. నీళ్ళ బ్యాటరీకి పెట్టే ఈక్వలైజేషన్, అంటే కావాలని ఎక్కువ వోల్టేజితో చేసే చార్జింగ్, సీల్డ్‌కు పెడితే గాజుపీచు ఎండిపోతుంది.

ఎండాకాలం ఈ హద్దును ఇంకా కిందికి దింపుతుంది. ఎప్పుడూ చార్జర్‌కు తగిలించి ఉంచే ఫ్లోట్ వోల్టేజి 25 డిగ్రీల దగ్గర సుమారు 13.6. వేడి ఒక్కో డిగ్రీ పెరిగిన కొద్దీ 12 వోల్టుల బ్యాటరీకి 20 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించాలి. వరంగల్ మే నెల 43 డిగ్రీలకు 18 డిగ్రీల తేడా, అంటే 0.36 వోల్టులు తగ్గి 13.24 ఉండాలి. ఉష్ణోగ్రత సెన్సర్ లేని చార్జర్ 13.6 దగ్గరే కూర్చుంటుంది. సుమారు ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుంది. 25 డిగ్రీల దగ్గర ఎనిమిదేళ్ళు రావలసింది 45 దగ్గర రెండేళ్ళు. రేకుల షెడ్డు కింద, పడమటి గోడకు ఆనించి పెట్టిన బ్యాటరీ గురించి ఇక చెప్పేదేముంది.

సిమెంటు నేల మీద పెడితే భూమి కరెంటు గుంజుకుంటుందని ఇప్పటికీ కింద చెక్క వేస్తారు. నేటి ప్లాస్టిక్ పెట్టె గుండా కరెంటు పోదు. నిజానికి చల్లటి నేల మీదే బ్యాటరీ నయంగా ఉంటుంది. దసరాకు ఆయుధపూజ చేసి బొట్టు పెట్టండి, మంచిదే. పసుపునీళ్ళు మాత్రం టెర్మినళ్ళ మీద చల్లకండి, తుప్పు పట్టి నట్టు వేడెక్కుతుంది. అదే రోజు నట్లు బిగించి, వాజలీన్ రాస్తే పూజా అవుతుంది, పనీ అవుతుంది.

నర్సంపేట వెళ్ళి ఆ బ్యాటరీని పరీక్షించాను. 20 గంటల లెక్కన 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అని దాని మీద రాసి ఉంది, అంటే ఐదు ఆంపియర్లు 20 గంటలు ఇవ్వాలి. నిండా చార్జ్ చేసి, 60 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బు నేరుగా తగిలించాం. ఐదు ఆంపియర్లు లాగుతుంది. ఖాళీ అయినట్టు లెక్కగట్టే 10.5 వోల్టులకు దిగడానికి పట్టింది నాలుగు గంటలు. ఐదో వంతు చెరువు మిగిలింది. వెంటనే రెండు ఆంపియర్ల చిన్న చార్జర్‌తో, 14.4 దాటకుండా, రెండు రోజులు వదిలాం. మళ్ళీ ఖాళీ చేశాం, మళ్ళీ నింపాం. మూడోసారికి ఆరున్నర గంటలు వచ్చింది. ఆ పైన కదల్లేదు. కరెంటును విడతలు విడతలుగా కొట్టే పల్సు యంత్రాలతో కొత్తదానిలా చేస్తామనేవాళ్ళు ఉన్నారు, గట్టిపడిన పూడిక మీద వాటిని నేను నమ్మను.

పాతదాన్ని డీలర్‌కే ఇచ్చి కొత్తదాని ధరలో తగ్గించుకోమన్నాను. పగలగొట్టి పెరట్లో సీసం కరిగించేవాళ్ళకు మాత్రం ఇవ్వొద్దన్నాను, ఆ పొగ పిల్లల మెదడుకు విషం. కొత్త బ్యాటరీ పెట్టిన రోజే బల్బు పరీక్ష చేశాడాయన. గోడ మీద క్యాలెండర్ పక్కన తేదీ వేసి 'పంతొమ్మిదిన్నర గంటలు' అని రాసుకున్నాడు. దాని కింద మూడు నెలల తర్వాతి తేదీ రాసి, పక్కన చోటు ఖాళీగా ఉంచాడు.