తుడిచే కొద్దీ తరిగే మెరుపు

కారు మీద గీతలు ఎలా పడ్డాయని అడిగితే చాలామంది ట్రాఫిక్‌నో, పక్క ఫ్లాట్ పిల్లల సైకిళ్లనో తిడతారు. పెద్ద గీతల సంగతి అదే కావచ్చు. కానీ ఎండలో నిలబెట్టినప్పుడు బానెట్ మీద సాలెగూడులా కనిపించే సన్నగీతలు వేరు. వాటిలో ఎక్కువ భాగం పొద్దున్నే సెల్లార్‌లో తుడిచేటప్పుడు పడినవే.

ఎందుకో తెలియాలంటే కారు రంగు ఎంత మందం ఉంటుందో చూడాలి. ఫ్యాక్టరీలో రేకుకు తుప్పు పట్టకుండా ముందు ఫాస్ఫేట్ పూత వేస్తారు. తర్వాత బాడీ మొత్తాన్ని ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత, ఉన్న తొట్టిలో ముంచి కరెంటు పంపిస్తారు. దాంతో మూలమూలలకూ ప్రైమర్ అంటుకుంటుంది. ఆపైన ఇంకో ప్రైమర్, దాని మీద మనం ఎరుపనో నీలమనో చెప్పుకునే రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్. ఇవన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). క్లియర్ కోట్ ఒక్కటే అయితే 40, 50 మైక్రాన్లు. చాలామంది తలవెంట్రుక అంతకన్నా మందంగా ఉంటుంది. మెరుపంతా ఈ పొరదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని కింది రంగు వెలవకుండా కాపాడే రసాయనాలూ ఇందులోనే ఉంటాయి.

ఇప్పుడు దుమ్ము సంగతి. హైదరాబాద్ నిలబడి ఉన్నదే గ్రానైట్ మీద. గ్రానైట్ అరిగితే వచ్చే దుమ్ములో క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజపు రేణువులుంటాయి. గట్టితనాన్ని కొలిచే మోస్ స్కేల్‌లో క్వార్ట్జ్‌ది 7, మామూలు చాకు ఉక్కుది 5.5 దగ్గర. క్లియర్ కోట్ ఒక రకం ప్లాస్టిక్, ఈ పోటీలో దానికి చోటే లేదు. అపార్ట్‌మెంట్లలో కారు తుడిచే పద్ధతి తెలిసిందే: ఒక బకెట్, ఒక గుడ్డ, వరసగా పది కార్లు. మూడో కారు అయ్యేసరికి నీళ్లు టీ రంగులోకి మారతాయి. మొదటి కారు టైరు మీది ఇసుక అయిదో కారు బానెట్ మీద అరుగుతూ ఉంటుంది. తుడిచే అతన్ని అనడానికి లేదు. నెలకు మనమిచ్చే నాలుగు డబ్బులకు కారుకో బకెట్ మార్చమంటే ఎవరు మారుస్తారు? అయినా అతని తడిగుడ్డే నయం, ఎందుకంటే కారులో పెట్టుకు తిరిగే పొడి డస్టర్‌తో దుమ్ము దులపడం అంతకన్నా చెరుపు.

చీకట్లో ఫోన్ టార్చ్ వేసి బానెట్ మీద చూడండి. వెలుగు పడిన చోటు చుట్టూ గీతలు గుండ్రంగా, వలయాల్లా కనిపిస్తాయి. అందుకే వాటిని గుండ్రంగా తుడిచినందువల్ల పడ్డ గీతలని అనుకుంటారు. టార్చ్‌ని పక్కకు జరపండి, వలయాలూ దాంతోపాటే జరుగుతాయి. నిజానికి అక్కడ అన్ని దిక్కులకూ గీతలున్నాయి. వెలుగు వచ్చే దిక్కుకు అడ్డంగా ఉన్న గీతలే కాంతిని మన కంటివైపు తిప్పుతాయి, మిగతావి కనిపించవు. ఆ అడ్డగీతలన్నీ కలిసి వలయంలా తోస్తాయి. కాబట్టి గుడ్డను నిలువుగా తిప్పారా, గుండ్రంగా తిప్పారా అన్నది పెద్ద విషయం కాదు. గుడ్డ కింద ఇసుక ఉందా లేదా అన్నదే అసలు సంగతి.

ముట్టుకునే ముందే నీళ్ల ధారతో వీలైనంత దుమ్ము వదిలించాలి. షాంపూ నురగ రేణువుకూ రంగుకూ మధ్య జారుడు కల్పిస్తుంది. గుడ్డ పిండడానికి ఒక బకెట్, షాంపూకి ఇంకొకటి పెట్టుకుంటే ఇసుక మళ్లీ కారెక్కదు. మైక్రోఫైబర్ గుడ్డ పోగులు చీలి సన్నగా ఉంటాయి గనుక రేణువులు వాటి సందుల్లోకి పోతాయి. పాత బనియన్‌కి ఆ గుణం లేదు.

నీళ్ల గురించి మాత్రం కొంచెం ఆగాలి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. మే నెల ఎండలో కాలిన బానెట్ మీద చుక్క నిమిషాల్లో ఆవిరైపోతుంది, లవణాలు తెల్లని మచ్చగా మిగులుతాయి. మచ్చ కొత్తదైతే సగానికి సగం నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్‌తో పోతుంది. మచ్చ మందంగా ఉంటే సన్నని బుడగలు కూడా కనిపిస్తాయి. ఆ వచ్చేది కార్బన్ డయాక్సైడ్. తర్వాత మంచి నీళ్లతో కడిగేయాలి. వారాల తరబడి వదిలేసిన మచ్చ మాత్రం క్లియర్ కోట్‌లోకి దిగిపోతుంది.

నీటిచుక్క భూతద్దంలా పనిచేసి రంగును కాలుస్తుందని చాలామంది నమ్ముతారు. లెక్క వేస్తే అది నిలవదు. రేకు మీద కూర్చున్న చుక్క గుండా వెళ్లిన కిరణాలు ఒక్కచోట కలవాల్సింది రంగు పొరకు చాలా కింద, అంటే చుక్క అవతల. తప్పు ఎండది కాదు, ఉప్పుది. ఇంకో సంగతి: ఆర్‌వో మెషిన్ వదిలే వృథా నీళ్లతో కారు కడిగితే నీళ్లు ఆదా అని చెబుతుంటారు. ఆ నీళ్లలో లవణాలు మామూలు కంటే ఎక్కువ. టైర్లకు, మ్యాట్లకు వాడండి, రంగు మీద వద్దు.

పక్షుల రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకు ఆరనివ్వకుండా తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచి, రుద్దకుండా పైకి ఎత్తేయాలి.

గీతలు పడ్డాక వచ్చేది రబ్బింగ్, పాలిష్. ఇక్కడే అపోహ ఎక్కువ. పాలిష్ గీతను పూడ్చదు. గీత లోతు వరకూ చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీస్తుంది. పెద్ద గీతలకైతే ఒక్కసారికే కొన్ని మైక్రాన్లు పోవచ్చు. ఉన్నదే 40, 50 మైక్రాన్లు, పైగా ఎండ నుంచి కాపాడే రసాయనం కూడా దానితోపాటే తగ్గుతుంది. సర్వీసింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ రబ్బింగ్ చేయించేవాళ్లకు చివరికి టాప్ మీద పొర లేచిపోవడం మిగులుతుంది. మళ్లీ పెయింట్ వేయిస్తే సరిపోతుందిలే అంటే, అదీ అంత సులువు కాదు. ఫ్యాక్టరీలో వట్టి బాడీని 140 డిగ్రీల దగ్గర కాల్చి రంగును గట్టిపరుస్తారు. షెడ్డులో కారుకు వైర్లు, ప్లాస్టిక్, సీట్లు అన్నీ ఉంటాయి కాబట్టి అంత వేడి పెట్టలేరు, 60 డిగ్రీల దగ్గరే ఆపాలి. రంగు మళ్లీ ఎక్కడ వేశారో మందం కొలిచే మీటర్ పెట్టి చూస్తే తెలుస్తుంది. రేకు మీద 300 మైక్రాన్లు దాటి చూపిస్తే అక్కడ మళ్లీ పెయింట్ పడిందని, కింద పుట్టీ కూడా ఉండొచ్చని అనుకోవాలి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

క్లియర్ కోట్ మీద అదనంగా వేసే పారదర్శక పూత సిరామిక్ కోటింగ్. అది వేసేవాళ్లు 9హెచ్ గట్టితనం అని బోర్డు పెడతారు. వినగానే మోస్ స్కేల్‌లో 9 అనిపిస్తుంది, అంటే కెంపు, నీలమంత గట్టి అన్నమాట. కానీ ఆ 9హెచ్ పెన్సిల్ గట్టితనపు గుర్తు. రకరకాల పెన్సిళ్లతో గీసి, ఏది గీత పెట్టలేకపోయిందో చూసే పరీక్ష అది. ఆ కోటింగ్ ఇసుకకు అడ్డు పడదు. కాకపోతే నీళ్లు దాని మీద పరుచుకోకుండా చుక్కలై జారిపోతాయి, మురికి సులువుగా వదులుతుంది. తుడవాల్సిన పని తగ్గుతుంది కాబట్టి ఆ మేరకు డబ్బు దండగ కాదు.

విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్లలో పై మెరుపు కంటే అడుగు చూసుకోవడం ముఖ్యం. తలుపు అడుగున వాన నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో మూసుకుపోతే ఉప్పునీళ్లు లోపలే నిలిచి, రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. పైన రంగు ఉబ్బేదాకా బయటికి తెలియదు. ప్లాస్టిక్ జిప్ టై కొనతో ఆ రంధ్రాలను శుభ్రం చేయడానికి అయిదు నిమిషాలు చాలు, ఎండాకాలంలో చేసుకుంటే ఇంకా మంచిది.